ఎదురుచూపుల కిటికీ

"ఇదిగో, ఈ మిఠాయి పెట్టె పట్టుకెళ్ళి ఆ ముసలావిడతో నెమ్మదిగా మాట్లాడి రా" అని మేనేజరు హషిజుమె అన్నప్పుడే చిగుసాకి ఒళ్ళు మండింది. విషయమేమిటో అప్పటికింకా తెలియదు. మంట మాత్రం ముందే వచ్చేసింది. మిఠాయి పెట్టెతో మొదలయ్యే పని ఏదీ మంచి పని కాదని, పదకొండేళ్ళుగా తకయామా ఊరి పాత వీధుల్లో యాత్రికుల రిక్షా లాగుతున్న మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎనిమిదిన్నరైంది. ఎర్ర వంతెన పక్కన రిక్షాల షెడ్డులో ఆమె చక్రం ఊచలు ఒక్కొక్కటే తుడుస్తోంది. తుడిచే గుడ్డ భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"ఏ ముసలావిడ?"

"కిటికీ ఆవిడ. షిమో గారు."

హషిజుమె చేతిలో ఉత్తరముంది. పోయిన ఆదివారం, కురమొతో అనే తోటి బండివాడి రిక్షా ఎక్కిన దంపతులు రాశారు. ఆ కిటికీ దగ్గర బండి ఆగినప్పుడు భార్య దిగి, చెక్క కమ్మీల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టి, బల్ల మీద మెరుస్తున్న పళ్ళేన్ని తాకి చూసిందట. మూడో రోజుకి మోచేతి దాకా దద్దుర్లు లేచాయట. అది పచ్చి లక్క వల్ల, అంటే పళ్ళేలకి పూసే చెట్టు జిగురుని ఆరకముందు తాకడం వల్ల వచ్చిందని డాక్టరు చెప్పాడట. ఇంత ప్రమాదకరమైన వస్తువు చేతికందే చోట పెట్టినందుకు ఎవరు బాధ్యత వహిస్తారని ఉత్తరం చివర అడిగారు.

చిగుసా ఉత్తరం రెండుసార్లు చదివింది. తను సరిగ్గా చదవలేదేమో అనుకుంది. సరిగ్గానే చదివింది.

"పరాయి వాళ్ళింట్లో చెయ్యి పెట్టింది వీళ్ళు. దానికి క్షమాపణ ఆవిడ చెప్పాలా?"

"క్షమాపణ అని నేనన్నానా? ఆ లక్క పనేదో వెనక గదిలో చేసుకోమని చెప్పు చాలు. కిటికీ దగ్గర మాత్రం ఎప్పట్లాగే కూర్చోమను. పొద్దున ఒక గంట, ఊరికే. జనం వచ్చేది ఆవిడ్ని చూడ్డానికే కదా. పైగా వారం నుంచి కిటికీకి అట్టలు అడ్డం పెట్టేసిందట. వచ్చినవాళ్ళు ఉసూరుమంటున్నారు."

"నేనే ఎందుకు వెళ్ళాలి?"

"ఆడదానివి, ఈ ఊరి పిల్లవి. ఇంకో మాట. పెట్టె పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే. గుమ్మంలోనే చేతికిచ్చెయ్."

షెడ్డు మూల నడుముకి పట్టీ బిగించుకుంటున్న కురమొతో పకపకా నవ్వాడు. యాభై దాటినా నోటికి తాళం లేని మనిషి. "ఏమ్మా చిగుసా, మిఠాయి పెట్టె పట్టుకుని పెళ్ళిచూపులకా?"

"నువ్వూ రా అన్నా. ఆ లక్కలో నీ చెయ్యి కూడా ముంచి తీసుకొద్దాం. ఇంకెక్కడా బండాపవు."

"నేనేం చేశానే? మ్యాపులో ఉంది, ఆపాను. కాగితంలో ఉంది, చెప్పాను."

అబద్ధం కాదు. ఆఫీసు అచ్చేసిన మ్యాపులో ఆ ఇంటి దగ్గర చిన్న ఎర్ర గుండె బొమ్మ వేసి, కింద 'ఎదురుచూపుల కిటికీ' అని రాసి ఉంటుంది. అక్కడ బండి ఆపి లాగేవాళ్ళు చెప్పాల్సిన మాటలు కూడా కాగితం మీదే ఉన్నాయి. కనుమ దాటి పనికి వెళ్ళిన ప్రియుడి కోసం ఈ కిటికీ వెనక ఒకావిడ అరవై ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. అతను రాలేదు. ఆవిడ కిటికీ మూయలేదు. వినేవాళ్ళు అయ్యో అంటారు. దిగి ఫొటో తీసుకుంటారు. చిగుసా ఆ కాగితాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. అక్కడ నడక తగ్గించకుండా దాటిపోయి, సారా బట్టీ ముందు వేలాడే దేవదారు ఆకుల బంతి దగ్గర ఆగుతుంది. కొత్త సారా దిగినప్పుడు పచ్చగా ఉండే బంతి నెలనెలా ఎలా ఎండి గోధుమ రంగుకి తిరుగుతుందో చెబుతుంది. ఆ కథ రాసిన పుణ్యాత్ముడెవరో గానీ, నోట్లో గడ్డి పెట్టాలని చాలాసార్లు అనుకుంది.

షిమో బామ్మ ఇల్లు కాలువ పక్కనే. కిటికీ కమ్మీల వెనక, కింద నుంచి పై దాకా పండ్ల పెట్టెల అట్టలు. తలుపు లాగి "లోపల ఎవరైనా ఉన్నారా అండీ" అని పిలిచింది చిగుసా. మట్టి నేల మీద అప్పుడే నీళ్ళు చల్లినట్టుంది. పుల్లటి, ఘాటైన లక్క వాసన ముక్కుకి తగిలింది. లోపల నుంచి ఎనభై ఒక్కేళ్ళ మనిషి వచ్చింది. జుట్టు బయటికి రాకుండా తలకి బట్ట బిగించింది. చేతులు కడిగిన బియ్యంలా శుభ్రంగా ఉన్నాయిగానీ, గోళ్ళ చుట్టూ నల్లటి గీత. అది ఇక ఈ జన్మకి పోయేది కాదు.

"ఏంటమ్మాయ్?"

చిగుసా నడుం వంచి నమస్కరించింది. పెట్టె ముందుకు చాచలేదు. వీపు వెనకే పట్టుకుంది. దద్దుర్ల సంగతి చెప్పింది. వెనక గది మాట చెప్పింది. గంటసేపు ఊరికే కూర్చోవడమన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక మెలిపడింది.

షిమో లోపలికి వెళ్ళి ఒక చెక్క పళ్ళెం తెచ్చింది. తేనె రంగు పూత కింద చెక్క గీతలు నీళ్ళలోంచి చూసినట్టు కనిపిస్తున్నాయి. సరిగ్గా మధ్యలో నాలుగు వేళ్ళ ముద్రలు గట్టిపడిపోయి ఉన్నాయి.

"ఆరు నెలల పనిది. మొత్తం పన్నెండు పళ్ళేలు. చెక్క కనపడే పూతలో దుమ్ము రేణువు పడినా దాక్కోదు. ఆదివారం చివరి పూత వేసి, తడిగాలికి ఆరేందుకు తడి బీరువాలో పెట్టడానికి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి చెయ్యి ఉంది. మనిషి లేదు, చెయ్యే ఉంది. ఉంగరం పెట్టుకున్న చెయ్యి."

"నన్ను క్షమించండి."

"అందుకే అట్టలు పెట్టాను. అట్టలు పెడితే చెయ్యి రాదు, వెలుగూ రాదు. ఈ ఇంట్లో ఎండ పడకుండా వెలుగు పడేది ఆ ఒక్క కిటికీకే. తొమ్మిది నుంచి పదకొండు దాకా. దీపం కింద వేస్తే కుంచె గీత కళ్ళకి కనపడదు. వారమైంది కుంచె పట్టి." ఆవిడ పళ్ళేన్ని బోర్లించింది. "పెద్దగుళ్ళో శరదృతువు టీ పూజకి ఇవ్వాలి. నా చేతి మీద ఇవే చివరివి. ఇవి కాకపోతే కుంచె కడిగి ఎత్తి పెట్టేస్తాను."

చిగుసా పెట్టెని వీపు వెనక ఇంకో చేతికి మార్చుకుంది.

"ఆ కథ నాకూ వినపడుతుంది. ఈ కమ్మీల్లోంచి మాట బయటికి పోవడమే కాదు, లోపలికి కూడా వస్తుంది. కనుమ దాటి ఎవడో వెళ్ళాడట!" షిమో గొంతు పెరిగింది. "నా మొగుడు ఈ గదిలోనే నా పక్కన కూర్చుని పూత పూసి, ఈ గదిలోనే పోయాడు. నేను ఏ మగాడి కోసమూ ఎదురు చూడలేదమ్మాయ్. ఎదురు చూశానంటే లక్క ఆరడం కోసం చూశాను. అరవై ఏళ్ళు కూర్చున్నాను అంటారే, పని చేసుకుంటూ కూర్చున్నాను. చేతిలో కుంచె కనపడలేదా ఒక్కడికీ?"

ఆవిడ చిగుసా ముఖంలోకి చూసింది.

"ఇంతకీ ఆ కథ కట్టిందెవరు?"

"మా ఆఫీసులో ఎవరో."

"ఎవరో" అంది షిమో. తలుపు తనే మూసింది. చిగుసా వీపు వెనక పెట్టె అలాగే ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఆమె కోపం పొంగు మీదుంది. పెట్టెను మేనేజరు బల్ల మీద దించిన చప్పుడుకి టీ గ్లాసు కదిలింది.

"ఆ కథ రాసిందెవరో చెప్పండి. నాకు పేరు కావాలి."

"పేరెందుకు?"

"వాడి చెవి పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళాలి. ఆరు నెలల పని వేళ్ళ పాలైంది. ఎవడికో నాలుక దురద పుడితే ఆవిడ గుడ్డి దీపం కింద కూర్చోవాలా?"

హషిజుమె రెండేళ్ళ కిందట హోటలు పని మాని ఇక్కడికి వచ్చినవాడు. పాత సంగతులు అతనికి నిజంగానే తెలియవు. బీరువా తెరిచి, రోజువారీ చీటీలు కుట్టిన లావుపాటి పుస్తకం తీసి వెతికాడు. బండి లాగేవాళ్ళు ఆ రోజు ప్రయాణికులకి ఏం నచ్చిందో సాయంత్రం రెండు ముక్కలు రాసి వెళ్ళడం అక్కడి పద్ధతి. ఒక పేజీ దగ్గర ఆగి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు.

మూడేళ్ళ కిందటి జూన్ నెల. 'వాన. కాలువ పక్క ఇంటి చూరు కింద ఆగాం. కమ్మీల వెనక ఎవరో కూర్చుని ఉన్నారు. ఎవరి కోసమో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నట్టు లేదూ అన్నాను. కొత్త జంట. అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. చాలా నచ్చింది.' కింద పాత మేనేజరు ఎర్ర సిరాతో చుట్టిన సున్నా. పక్కన 'వాడుకోవచ్చు.'

ఆ చీటీ మీద సంతకం చిగుసాది. రాత చిగుసాది. వాన కూడా గుర్తొచ్చింది. టాపు మీద నీళ్ళు దబదబా పడుతున్నాయి, వెనక కూర్చున్న ఇద్దరూ మాటల్లేకుండా ఉన్నారు. ఆ మౌనాన్ని భరించలేక ఏదో ఒకటి అనేసింది. అని, మర్చిపోయింది. ప్రియుడూ కనుమా తర్వాత ఎవరో అతికించుకున్నారు. విత్తనం మాత్రం తనదే.

"చెవి పట్టుకుంటావా మరి?" అన్నాడు హషిజుమె. ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

మర్నాడు తొమ్మిది కొట్టకముందే షిమో ఇంటి మట్టి నేల మీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించింది చిగుసా. నేల తడి నుదుటికంటింది.

"ఆ మాట మొదట అన్నది నేనే, బామ్మగారూ."

షిమో పని ఆపలేదు. బట్టలో పోసిన లక్కని మెలిపెట్టి పిండుతున్న చప్పుడు వినిపించింది. గిన్నెలోకి ఒక్కో చుక్కే పడుతోంది.

"తెలుసు" అంది షిమో చివరికి. "నిన్న గడపలో నిలబడి పిలవగానే గొంతు గుర్తుపట్టాను. ఆ వాన రోజు నువ్వన్న మాట విన్నాను. నవ్వుకున్నాను కూడా. పిచ్చిపిల్ల, ఏదో అంది అనుకున్నాను."

"తెలిస్తే మరి నిన్న నన్ను అడిగారెందుకు?"

"చెబుతావేమోనని."

చిగుసా ముఖం భగ్గుమంది. "నిన్న నాకు నిజంగా గుర్తు లేదు."

"అదింకా బాగుంది! నువ్వు మర్చిపోయావు. నాకు మాత్రం మూడేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు గుర్తు చేశారు." షిమో పిండిన బట్టని గట్టిగా దులిపింది. "లే. తల నేలకి పెట్టి నువ్వు తేలిక పడి వెళ్తావు. నీ క్షమాపణ నేనెక్కడ పెట్టుకోను? బీరువాలో పళ్ళేలున్నాయి, చోటు లేదు. నాకు కావలసింది వెలుగు. రెండు గంటలు, ఓ వారం. నీ వల్ల అయితే తే. కాకపోతే మళ్ళీ రాకు."

ఆ రోజు మూడో సవారీకి ఒక తండ్రీ, పెళ్ళీడు కూతురూ ఎక్కారు. కూతురి చేతిలో మ్యాపు. "ముందు ఎదురుచూపుల కిటికీకి" అంది. చిగుసా వాళ్ళ మోకాళ్ళ మీద ఎర్ర కంబళి కప్పి, అంచులు సీటు కిందికి దోపింది. నొగలు రెండు చేతులా పట్టుకుని, "లేపుతున్నానండీ" అని చెప్పి లేపింది. చెప్పకుండా లేపితే కూర్చున్నవాళ్ళు వెనక్కి విరుచుకు పడతారు. ఆ మాట లేకుండా పదకొండేళ్ళలో ఒక్కసారీ నొగలెత్తలేదు.

కాలువ పక్కకి రాగానే నడక తగ్గించకుండా చెప్పేసింది. "ఆ కథ నిజం కాదండీ. నేనే ఓ వానరోజు కల్పించాను. ఆ ఇంట్లో ఉండేది లక్కపని చేసే పెద్దావిడ. ఆవిడ ఎవరి కోసమూ చూడటం లేదు. పనికి వెలుగు లేక అవస్థ పడుతోంది. అందుకని అక్కడ ఆగడం లేదు."

వెనక ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. "భలే చెబుతారండీ మీరు! కథ లోపల ఇంకో కథ."

"కథ కాదమ్మా."

"అబద్ధమే అయితే మాత్రం ఏంటి?" అన్నాడు తండ్రి. "అదే బాగుంది. ఇంత దూరం వచ్చాం, లక్క పూసే ముసలమ్మని ఎవరు చూస్తారు? ఆపండి, అమ్మాయి ఫొటో తీసుకుంటుంది."

చిగుసా బండి ఆపి నొగలు దించింది. ఆపమంటే ఆగే అలవాటు కొద్దీ ఆగింది కాబోలు. అమ్మాయి దిగి, అట్టలు కట్టిన కిటికీ ముందు చెంపకి చెయ్యి చేర్చి, దిగులు ముఖం పెట్టి ఫొటో తీయించుకుంది. అట్ట అంచు వేలితో కొంచెం పక్కకి లాగి లోపలికి తొంగి చూసింది. "చీకటిగా ఉంది నాన్నా, ఎవరూ లేరు" అంది. తిరిగి వచ్చి ఎక్కింది.

చిగుసా కంబళి కప్పింది. నొగలు పట్టుకుంది. ఏమీ అనకుండా ఒక్క ఊపున లేపేసింది. వెనక కెవ్వుమని కేక, తండ్రి టోపీ కాలువ గట్టు మీద పడింది. ఆమె వంగి టోపీ తీసిచ్చింది. క్షమించమని మాత్రం అనలేదు. తనమీద తనకే ఉన్న కోపమంతా చేతుల్లోకి దిగింది.

హషిజుమె అరిచాడు. షెడ్డులో మిగతా ఏడుగురూ వింటుండగా అరిచాడు. నొగలెత్తేముందు చెప్పడం మర్చిపోయేవాళ్ళకి బండి ఎందుకన్నాడు. ఆగే చోట ఆగాలి, కాగితంలో ఉన్నది చెప్పాలి, అంతే అన్నాడు. మ్యాపులోంచి ఆ కిటికీ తీసెయ్యమని చిగుసా అడిగింది. జనం దానికోసమే వస్తున్నారు, తీయడం కుదరదన్నాడు.

"అయితే అది మనం ఆగే చోటేనంటారు?"

"ముమ్మాటికీ."

"సరే" అంది చిగుసా.

సాయంత్రం కురమొతో వచ్చి, సోయా సాస్ పూసి కాల్చిన బియ్యప్పిండి ఉండల పుల్లొకటి ఆమె చేతికిచ్చి పక్కన కూలబడ్డాడు. "నువ్వొక్కదానివి ఆగకపోతే ఏమైందే? మేం ఏడుగురం ఆగుతాంగా" అన్నాడు. దెప్పడానికి కాదు, ఉన్నమాటే. చిగుసా ఒక ఉండ కొరికి నములుతూ చాలాసేపు ఆలోచించింది. పాత వీధులు ఇరుకు. ఒక బండి ఆగిన చోట రెండో బండి ఆగకూడదు, ఆగితే నడిచేవాళ్ళకి దారుండదు. బండి లాగేవాళ్ళు మొదటి రోజు నేర్చుకునేది అదే. దాన్ని ఎవరూ తప్పరు, మేనేజరు చెప్పినా తప్పరు.

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఆమె ఖాళీ బండితో కాలువ పక్కకి వచ్చింది. టాపు పూర్తిగా వెనక్కి మడిచింది, వెలుగుకి అడ్డం రాకుండా. చక్రం గోడవారకి ఆనేలా బండిని కిటికీ పొడవునా నిలిపి, నొగలు దించింది. ఆ పైన కిటికీకీ వీధికీ మధ్య ఎవరూ దూరడానికి లేదు. తను నొగల మధ్య, కిటికీకి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. లోపలికి ఒక్క మాట వేసింది. "బామ్మగారూ, బండి పెట్టాను."

కాసేపటికి వీపు వెనక అట్టలు ఒకటొకటిగా ఊడుతున్న చప్పుడు. నేల మీద నీళ్ళు చల్లిన చప్పుడు. ఆమె తిరిగి చూడలేదు. చూడకూడదని తనకి తనే గట్టిగా చెప్పుకుంది.

నడిచి వెళ్ళేవాళ్ళు మ్యాపులు తిప్పుకుంటూ వచ్చారు. "కాస్త పక్కకి జరుగుతారా?" అన్నారు. "బండి ఆగి ఉందండీ" అంది. కొందరు విసుక్కున్నారు. ఒకాయన ఆమె భుజం మీదుగా ఫోను చాచబోతే, ఆమె కూడా అటే ఒరిగింది. తొమ్మిదిన్నరకి కురమొతో బండి వచ్చింది. అలవాటుగా నడక తగ్గించి, "ఇదిగో చూశారా, ఈ కిటికీ వెనక" అంటూ నోరు తెరిచి, చిగుసాని చూసి ఆగిపోయాడు. ఆమె పలకరించలేదు, చూసింది అంతే.

"ఈ కిటికీ వెనక ఏంటి?" అని ఎక్కినవాళ్ళు అడిగారు.

"ఇల్లండి" అన్నాడు కురమొతో. "ఎవరో ఉంటారు." నొగలు పైకెత్తి పట్టుకుని పరుగందుకున్నాడు. వెనక వచ్చిన రెండు బండ్లూ ఆగకుండా అతన్నే అనుసరించాయి.

ఈలోగా జనానికి కొత్త సంగతి తోచింది. నల్ల కోటు, విడి బొటనవేలి బట్ట బూట్లు, ఖాళీ బండి, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డ ఆడమనిషి. కిటికీ సంగతి వదిలేసి ఆమెనే ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. "ఈవిడే కాబోలు ఎదురుచూసేది" అని ఎవరో అన్నారు. చిగుసాకి చెంప పగలగొట్టాలనిపించింది. పళ్ళు బిగబట్టి తీయించుకుంది. మూడేళ్ళు ఆ ముసలావిడ ఇలాగే కూర్చుని ఉంటుందన్న మాట అప్పుడు తలకెక్కింది. తనకి గంట కూడా కాలేదు, పారిపోవాలని ఉంది.

పదింబావుకి హషిజుమె రొప్పుతూ వచ్చాడు. ఎవరో ఫోను చేసి ఉంటారు.

"ఏంటిది? ఇక్కడేం చేస్తున్నావు?"

"ఆగే చోట ఆగాను. మ్యాపులో ఉంది. ముమ్మాటికీ అన్నారు మీరు."

"గంటన్నర ఆగుతారా ఎవరైనా?"

"ఖాళీ బండి ఎంతసేపైనా నిలబడొచ్చు. అదీ మన పనిలో భాగమే."

హషిజుమె చుట్టూ చూశాడు. చుట్టూ ఫోన్లు. అరవడానికి నోరు తెరిచి, గొంతు తగ్గించాడు. "రోజూ ఇలాగేనా?"

"వారం. తొమ్మిది నుంచి పదకొండు దాకా."

"ఇక నొగలు వదిలి పని మానెయ్యమంటే?"

"ఆ మాట షెడ్డులో అనండి. పదకొండు దాటాక వస్తాను."

అతను ఆమె భుజం పక్క నుంచి లోపలికి చూశాడు. ఎందుకు చూస్తున్నానా అన్నట్టు వెంటనే చూపు తిప్పేసుకున్నాడుగానీ, చూసినది ఏదో అతన్ని నిలబెట్టింది. లోపల కుంచె చెక్క మీద ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఆగకుండా వెళ్తున్న సన్నటి చప్పుడు చిగుసాకి వినిపిస్తోంది. చప్పుడు ఆగింది. పూతలో పడ్డ రేణువుని పక్షి ఈక మొనతో తీస్తోంది కాబోలు. మళ్ళీ మొదలైంది.

గుంపులోంచి ఒకమ్మాయి ధైర్యం చేసి ముందుకొచ్చింది. ఫోను ఎత్తి పట్టుకుంది. "ఏమండీ, మీరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?"

వీపు వెనక కుంచె ఆగింది. చిగుసా హషిజుమె వైపు చూడలేదు, ఆ అమ్మాయినే సూటిగా చూసింది.

"ఎవరి కోసమూ కాదు" అంది, లోపలికి కూడా వినపడేంత గట్టిగా. "లక్క ఆరాలి."